ఏ శాఖకూ చెందని సమాజమందిరం: న్యూయార్క్‌లో ఒక వెదుకులాట

మా అక్క కూతురు పదకొండేళ్లుగా న్యూయార్క్‌లో ఉంటోంది. ఆమె భర్త యూదుడు. బ్రూక్లిన్‌లోనే పుట్టి పెరిగాడు, ఆచారాలు పెద్దగా పాటించడు, అయినా శుక్రవారం సాయంత్రం ఇంట్లో కొవ్వొత్తులు వెలగకపోతే వారం పూర్తయినట్టు ఉండదంటాడు. ఆమె గర్భవతిగా ఉన్న రోజుల్లో ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. పుట్టబోయే బిడ్డకు ఒక యూదు సమాజం ఉండాలి, హిందువుగా పుట్టి హిందువుగానే కొనసాగుతున్న తల్లికి కూడా అందులో చోటుండాలి, ఫలానా శాఖవారమని ముద్ర వేసుకోవలసిన అవసరం రాకూడదు. ఇజ్రాయెల్ బయట ఇంతమంది యూదులున్న నగరం మరొకటి లేదు కాబట్టి ఇది నెల రోజుల్లో తేలిపోయే పని అనుకున్నారు. ఏడాది దాటింది. ఆ ఏడాదంతా ఆమె ఫోనులో అడిగిన సందేహాలకు జవాబులు వెదుకుతూ నేను తెలుసుకున్న విషయాలూ, అక్కడికి వెళ్లినప్పుడు కళ్లారా చూసిన ఒకటి రెండు సంగతులూ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. యూదు కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారు అమెరికాలో ఉన్నారు. ఆమెను చిక్కుపెట్టిన ప్రశ్నలు వాళ్లకూ ఎదురయ్యేవే.

తెలుగు బైబిలు చదివినవారికి 'సమాజమందిరము' అనే మాట కొత్త కాదు. సినగాగ్ అని లోకం పిలిచే చోటును హీబ్రూలో 'బేత్ క్నెసెత్' అంటారు. జనం కూడుకునే ఇల్లు అని దానికి అర్థం, కనుక మన అనువాదకులు ఎంచుకున్న మాట మూలానికి ఎంతో దగ్గరగా ఉంది. గుడి అనగానే మన మనసులో మెదిలే గర్భాలయం, మూలవిరాట్టు, అర్చకుడు అక్కడ ఉండవు. బైబిలు మొదటి ఐదు గ్రంథాలైన తోరా చుట్టలను భద్రపరిచే ఒక బీరువా, వాటిని విప్పి చదివే ఒక బల్ల, పదిమంది మనుషులు ఉంటే అద్దె గది కూడా సమాజమందిరమే అవుతుంది. రబ్బీ అంటే ధర్మశాస్త్రం చదువుకున్న గురువు. ఆయన రాకపోయినా ప్రార్థన జరుగుతుంది గాని, పదిమంది పోగవకపోతే అందులోని ముఖ్యమైన భాగాలు చదవడానికి వీలుండదు. ఈ పదిమంది కూటమిని 'మిన్యాన్' అంటారు. ఆ పదిమందిలో ఎవరిని లెక్కపెడతారు, ఎవరిని లెక్కపెట్టరు అన్న విషయం తెలియకుండా యూదు సమాజాల్లో దేనినీ అర్థం చేసుకోలేము.

శాఖల సంగతికి వస్తే, అవి అనుకున్నంత పురాతనమైనవి కావు. పంతొమ్మిదో శతాబ్దపు జర్మనీలో యూదులకు పౌరహక్కులు ఒక్కొక్కటిగా దక్కుతున్న కాలంలో, ఇరుగుపొరుగుతో కలిసి బతుకుతూనే మతాన్ని నిలుపుకోవడం ఎలాగన్న తర్జనభర్జన నుంచి అవి పుట్టాయి. 1818లో హాంబర్గ్‌లో వెలసిన మందిరంలో కొన్ని ప్రార్థనలు జర్మన్‌లో చదివారు, ఆర్గాన్ వాద్యం వాయించారు. అమెరికాలో ఈ సంస్కరణవాదులు 1875లో సిన్సినాటి నగరంలో హీబ్రూ యూనియన్ కాలేజీని స్థాపించారు. 1883లో ఆ కళాశాల తొలి పట్టభద్రుల గౌరవార్థం ఇచ్చిన విందులో రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు, కప్ప కాళ్లు వడ్డించారు. ఇవన్నీ యూదు ఆహార నియమాల ప్రకారం నిషిద్ధమైనవి. కొందరు అతిథులు విస్తరి ముందునుంచి లేచిపోయారు. అప్పటికే లోలోపల రగులుతున్న విభేదం ఆ రాత్రి అందరి కళ్లకూ కట్టింది. మూడేళ్లకు, 1886లో, న్యూయార్క్‌లో మరో విద్యాపీఠం ఏర్పడింది. సంస్కరణవాదుల రిఫార్మ్ శాఖకు సిన్సినాటి కళాశాల, ధర్మశాస్త్రాన్ని నిలుపుకుంటూనే కొన్ని మార్పులను ఒప్పుకునే కన్జర్వేటివ్ శాఖకు న్యూయార్క్ విద్యాపీఠం కేంద్రాలయ్యాయి. ధర్మశాస్త్రంలో మార్పును ఒప్పుకోని వారికి ఆర్థడాక్స్ అన్న పేరు స్థిరపడింది. యూదు మతాన్ని ఎదుగుతూ మారుతూ ఉండే ఒక నాగరికతగా చూడాలన్న మార్డెకాయ్ కాప్లన్ ఆలోచనల నుంచి రీకన్‌స్ట్రక్షనిస్ట్ శాఖ వచ్చింది. 1922లో న్యూయార్క్‌లో ఆయన తన కూతురు జూడిత్‌ను అందరి ముందు నిలబెట్టి తోరా భాగం చదివించారు. ఆడపిల్లకు అలా బాత్ మిత్స్వా, అంటే మతబాధ్యతలు స్వీకరించే వయసుకు వచ్చినప్పటి వేడుక, చేయడం అమెరికాలో అదే మొదలు.

ఒక మందిరం ఏదైనా శాఖకు చెందిందంటే ఆచరణలో జరిగేదేమిటి? ఒక్కో శాఖకు సాధారణంగా మందిరాల సమాఖ్య, విద్యాపీఠం, రబ్బీల సంఘం ఉంటాయి. మందిరం సమాఖ్యకు ఏటా రుసుము కడుతుంది, తమకు రబ్బీ కావాలంటే ఆ సంఘం ద్వారా వెదుక్కుంటుంది, ఆ రబ్బీ తన సంఘం గీసిన గీతకు లోబడి ఉంటాడు. ఉదాహరణకు కన్జర్వేటివ్ రబ్బీల సంఘంలో సభ్యుడిగా ఉన్నవారు యూదు కానివారితో జరిగే పెళ్లి జరిపించరాదు. శాఖకు చెందకపోవడమంటే ప్రధానంగా ఈ కట్టుబాటు నుంచి బయట ఉండడం. అది ఒక పరిపాలనా సంబంధమైన విషయం. ఆ మందిరం ఉదారమైనదో కాదో, యూదు కాని తల్లిని ఎలా చూస్తుందో అది చెప్పదు. మా అక్క కూతురు మొదటి ఆరు నెలలు పోగొట్టుకున్నది ఈ తేడా తెలియకనే. 'శాఖలకు అతీతం' అన్న మాట కనిపించిన చోటల్లా 'అందరినీ కలుపుకొనేది' అని ఆమె చదువుకుంది.

ఏ శాఖలోనూ ఇమడనివారు కొద్దిమందేమీ కాదు. ప్యూ పరిశోధనా కేంద్రం 2020లో జరిపిన సర్వేలో అమెరికా యూదు వయోజనుల్లో 37 శాతం మంది రిఫార్మ్ అనీ, 17 శాతం మంది కన్జర్వేటివ్ అనీ, 9 శాతం మంది ఆర్థడాక్స్ అనీ చెప్పుకోగా, 32 శాతం మంది తమకు ప్రత్యేకించి ఏ శాఖా లేదన్నారు. 2010 తరువాత పెళ్లి చేసుకున్న యూదుల్లో 61 శాతం మంది జీవిత భాగస్వాములు యూదులు కారని అదే సర్వేలో తేలింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మా అక్క కూతురి లాంటి కుటుంబాలు అక్కడ సర్వసాధారణమని అర్థమవుతుంది.

శాఖలు వద్దనుకున్నవారు కట్టుకున్న సమాజాలు ఒకే రకంగా లేవు. 1968లో బోస్టన్ పక్కన కొందరు యువకులు, ఊరి శివార్లలో వెలసిన పెద్ద పెద్ద మందిరాల యాంత్రికతతో విసిగి, హవురత్ షలోమ్ అనే చిన్న కూటమిని ఏర్పరచుకున్నారు. నేల మీద గుండ్రంగా కూర్చుని తామే ప్రార్థన నడిపించుకున్నారు. ఆ ధోరణి దేశమంతా పాకింది. 2001లో మన్‌హట్టన్‌లో మొదలైన కెహిలత్ హదార్‌ది మరో దారి. రబ్బీ లేరు, సొంత భవనం లేదు, స్త్రీ పురుషులు సమానం, కానీ ప్రార్థన ఒక్క మాట కూడా తగ్గకుండా హీబ్రూలోనే సంప్రదాయబద్ధంగా సాగుతుంది. హీబ్రూ రానివారికి అక్కడ మొదటి రోజు చాలా కష్టంగా ఉంటుంది. 1825లో పుట్టిన మన్‌హట్టన్ మందిరం బ్నై జెషురున్ కన్జర్వేటివ్ సమాఖ్యలో ఉండి, గత శతాబ్దం చివరి దశాబ్దంలో బయటికి వచ్చేసింది. 1991లో పైకప్పు కూలినప్పుడు దగ్గరలోని ఒక మెథడిస్టు చర్చి వారికి చోటిచ్చింది. ఆ తరువాత ఎన్నో ఏళ్లు యూదుల శుక్రవార ప్రార్థనలు, క్రైస్తవుల ఆదివార ఆరాధన ఆ ఒక్క కప్పు కిందే జరిగాయి. స్వలింగ సంపర్కులైన యూదులు తమకు ఎక్కడా చోటు దొరకని రోజుల్లో, 1973లో, ఒక చర్చిలో కలుసుకుని మొదలుపెట్టిన బేత్ సిమ్హత్ తోరా ఏ శాఖలోనూ చేరలేదు. ఎనభైల్లో ఎయిడ్స్ ఆ సమాజంలో ఎందరినో బలి తీసుకుంది. అదే సమాజానికి 2016 నుంచి మన్‌హట్టన్ ముప్పయ్యో వీధిలో సొంత మందిరం ఉంది. బ్రూక్లిన్‌లో 1993లో ఒక భోజనాల బల్ల చుట్టూ మొదలైన కొలోత్ హయేను, పాటకూ ధ్యానానికీ పెద్దపీట వేసే రొమేము, దేవుణ్ణి నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టమని బాహాటంగా చెప్పే ల్యాబ్ షుల్ కూడా ఈ కోవలోనివే.

ఇక ఖబాద్ అనే అంతర్జాతీయ యూదు సంస్థ వారున్నారు. తాము శాఖలను పట్టించుకోమని వాళ్లూ అంటారు, ముందస్తు సభ్యత్వం అడగరు, దారిన పోయే యూదుణ్ణి పిలిచి భోజనం పెడతారు. ముంబయిలోని నారిమన్ హౌస్ వాళ్లదే. 2008 నవంబరు దాడిలో అక్కడి రబ్బీ దంపతులు బలయ్యారన్న సంగతి మనకు తెలుసు. వాళ్ల ఆతిథ్యం మనస్ఫూర్తిగా ఉంటుంది. అయితే ప్రార్థనలో స్త్రీ పురుషుల మధ్య తెర ఉంటుంది, మిన్యాన్‌లో పురుషులనే లెక్కిస్తారు, తల్లి యూదు కాకపోతే బిడ్డ యూదు కాదు. శాఖ పేరు పెట్టుకోకుండానే పూర్తి ఆర్థడాక్స్ పద్ధతిని పాటించవచ్చుననడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మొత్తం చిక్కుముడి పడ్డది ఆ తల్లి విషయం దగ్గరే. ధర్మశాస్త్ర సంప్రదాయం ప్రకారం యూదుత్వం తల్లి ద్వారా సంక్రమిస్తుంది. తండ్రి తరతరాల యూదుడైనా, బిడ్డకు హీబ్రూ నేర్పించి పండుగలన్నీ చేయించినా, తల్లి యూదు కాకపోతే ఆర్థడాక్స్, కన్జర్వేటివ్ దృష్టిలో ఆ బిడ్డ మతస్వీకారం చేయవలసిందే. రీకన్‌స్ట్రక్షనిస్టులు 1968లోనూ, రిఫార్మ్ రబ్బీలు 1983లోనూ ఈ నియమాన్ని సడలించారు. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు యూదులైనా, బిడ్డను యూదుగా పెంచుతూ ఆ గుర్తింపును నలుగురిలో చాటే పనులు చేస్తే చాలునన్నారు. శాఖకు చెందని మందిరాలు ఈ విషయంలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి, ఆ నిర్ణయాలు ఎప్పుడూ ఒక వరుసలో ఉండవు. బ్నై జెషురున్ రబ్బీలు 2017లో, యూదు గృహాన్ని నిలుపుతామనీ పిల్లలను యూదులుగా పెంచుతామనీ మాటిచ్చే జంటలకు మతాంతర వివాహాలు జరిపిస్తామని ప్రకటించారు, అదే సమయంలో యూదుత్వం తల్లి ద్వారానే అన్న పాత నియమాన్ని అలాగే ఉంచారు. తప్పుపట్టడానికి చెప్పడం లేదు, వాళ్లు తమ హద్దును దాచకుండా చెప్పారు. కానీ పెళ్లికి దొరికిన ఆదరణను చూసి బిడ్డకూ అదే దొరుకుతుందని అనుకునే కుటుంబం అక్కడ ముందుగా అడిగి తెలుసుకోవాలి. ల్యాబ్ షుల్ వ్యవస్థాపకుడు అమిహాయ్ లావ్-లవీ కన్జర్వేటివ్ విద్యాపీఠంలోనే రబ్బీ పట్టం పొంది, మతాంతర వివాహాలు జరిపించడం కోసం 2018లో ఆ రబ్బీల సంఘానికి రాజీనామా చేశారు. ఒక్కొక్క గీత దాటడానికి ఒక్కొక్క మనిషి చెల్లించే మూల్యం చిన్నది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎవరు యూదులన్న ప్రశ్న మన దేశానికీ కొత్త కాదు. ఇజ్రాయెల్‌కు వలస వెళ్లిన కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వారి వంశశుద్ధిని అక్కడి ప్రధాన రబ్బీలు ప్రశ్నించినప్పుడు పెద్ద నిరసన చెలరేగింది, 1964లో గాని వారిని సంపూర్ణ యూదులుగా ఒప్పుకోలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు దళిత కుటుంబాలు సొంత సమాజమందిరం కట్టుకుని శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటిస్తున్నాయి, వారికి ఇజ్రాయెల్ గుర్తింపు ఇంకా రాలేదు. నిజానికి రిఫార్మ్, కన్జర్వేటివ్ వంటి విభజన యూరపు, అమెరికాల చరిత్రలోంచి వచ్చింది. కొచ్చిన్ యూదులకు గాని, బెనె ఇజ్రాయెల్ వారికి గాని, బాగ్దాదీ యూదులకు గాని అది సొంతం కాదు. న్యూఢిల్లీ హుమాయూన్ రోడ్డులో 1956లో కట్టిన జూదా హయామ్ సమాజమందిరంలో వేళ్లమీద లెక్కించదగిన స్థానిక కుటుంబాలు, దౌత్య కార్యాలయాల ఉద్యోగులు, దారిన పోయే యాత్రికులు కలిసి ప్రార్థిస్తారు. స్త్రీలను కూడా పదిమందిలో లెక్కిస్తారు. పదిమంది దొరకడమే గగనమైన ఊళ్లో శాఖల పట్టింపు ఎక్కడ నిలుస్తుంది? వందలాది మందిరాలున్న న్యూయార్క్‌లో మాత్రం ఎవరికి నచ్చినట్టు వారు విడిపోగలిగే వీలుంది, అందుకే అక్కడ వెదకడం ఎక్కువ కష్టం.

పదిమంది లెక్కకు ఇంత విలువ ఎందుకో నాకు ఒక శుక్రవారం సాయంత్రం అర్థమైంది. అది ఒక చర్చి నేలమాళిగలో కూడుకునే చిన్న సమాజం. సూర్యాస్తమయ వేళ కీర్తనలు మొదలై, విశ్రాంతి దినాన్ని పెళ్లికూతురిగా ఆహ్వానించే పాట చివరి చరణం దగ్గరికి వచ్చేసరికి అందరూ లేచి, బీరువాకు వీపు చేసి, తలుపు వైపు తిరిగి వంగి నమస్కరించారు. ఎవరో నిజంగా గుమ్మంలో నిలబడ్డారేమోనని నేనూ తిరిగి చూశాను. ఆ తరువాత తల్లిని పోగొట్టుకున్న ఒకాయన లేచి 'కద్దీష్' చదివాడు. అరమాయిక్ భాషలోని ఆ ప్రార్థనలో చావు మాటే ఉండదు, దేవుని నామస్తుతి మాత్రమే ఉంటుంది. తల్లికో తండ్రికో అయితే పదకొండు నెలలు చదవాలి, ఒంటరిగా చదవకూడదు, పదిమంది ఉండి మధ్యమధ్య 'ఆమేన్' పలకాలి. ఆ రోజు లెక్కకు ఒకరు తక్కువయ్యారు. పై అంతస్తులో ఉండే ఒకావిడ కబురు అందుకుని చేతికంటిన పిండితోనే దిగివచ్చింది, ఆమెతో పదిమంది అయ్యారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, మా అక్క కూతురూ ఉంది, మా ఇద్దరినీ లెక్కించలేదు. నాకు అది సబబుగానే తోచింది. కానీ ఆ పిండి చేతుల ఆవిడను ఆర్థడాక్స్ మందిరంలో అయితే లెక్కించేవారు కారు. కన్జర్వేటివ్ శాఖ ధర్మసమితి స్త్రీలను లెక్కించవచ్చునని తేల్చింది కూడా 1973లోనే.

డబ్బు సంగతి తెలుగువారికి వింతగా తోస్తుంది. జనం ఎక్కువగా వచ్చే విశ్రాంతి దినాన, పండుగ రోజుల్లో యూదు మందిరంలో పళ్లెం తిప్పరు, ఎందుకంటే సంప్రదాయం ప్రకారం ఆ రోజుల్లో డబ్బు ముట్టుకోరాదు. అందువల్ల నిర్వహణ ఖర్చు చాలావరకు సభ్యత్వ రుసుము మీదా, జనం కిక్కిరిసే రోష్ హషానా (కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) పండుగల సీట్ల మీదా ఆధారపడి నడుస్తుంది. కొన్ని చోట్ల ఆ సీటుకు వందల డాలర్లు పెట్టాలి. ఈ మధ్య చాలా సమాజాలు ఎవరి శక్తికొలది వారు చెల్లించే పద్ధతికి మారాయి. బేత్ సిమ్హత్ తోరా యోమ్ కిప్పూర్ ప్రార్థనను ఒక భారీ సమావేశ మందిరంలో టికెట్ లేకుండా వేలమందికి తెరిచి ఉంచిన సందర్భాలున్నాయి. అందరికీ స్వాగతం అన్న మందిరం పేదవాడిని కాగితాలు చూపించమంటే అది స్వాగతం కాదని నా అభిప్రాయం. ఆదాయం తక్కువని చెప్పుకునేవారిని రుజువు అడుగుతారా లేదా అన్నది మొదటి ఫోనులోనే తెలుసుకోవలసిన విషయం.

గుమ్మం దగ్గర జరిగేది ఇంకొకటి ఉంది. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ మందిరంలో ఒకడు తుపాకీతో 11 మందిని చంపాడు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా కాపలా, ముందస్తు నమోదు, సంచుల సోదా తప్పవు, తప్పాలని కోరడం న్యాయమూ కాదు. కానీ ఆ భయం అందరి మీదా సమానంగా పడదు. ఒక మందిరం గుమ్మంలో కాపలాదారు అల్లుణ్ణి నవ్వుతూ లోపలికి పంపి, నాలుగడుగులు వెనక వస్తున్న మా అక్క కూతుర్ని ఆపి, ఎవరికోసం వచ్చారు, ఇంతకుముందెప్పుడైనా వచ్చారా, ఈ పండుగ పేరేమిటని మూడు ప్రశ్నలు వేశాడు. ఆమె జవాబులు సరిగ్గానే చెప్పింది, లోపలికి వెళ్లాక మాత్రం ప్రార్థన చెవికెక్కలేదంది. నల్లజాతి యూదులు, ఆసియా సంతతి యూదులు ఇదే అనుభవాన్ని ఏళ్లుగా చెబుతున్నారు. అందుకే కొన్ని సమాజాలు కాపలా పక్కనే పలకరించడానికి ఒక సభ్యుణ్ణి నిలబెడుతున్నాయి, ప్రశ్నలు అడిగితే వచ్చిన ప్రతివారినీ అడగాలని నియమం పెట్టుకుంటున్నాయి. ఒక సమాజం ఎంత కలుపుగోలుదో ఇటువంటి చిన్న ఏర్పాట్లలోనే బయటపడుతుంది.

2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌పై హమాస్ జరిపిన దాడి తరువాత ఇజ్రాయెల్, గాజాల విషయంలో అభిప్రాయభేదాలు అనేక సమాజాలను లోలోపల చీల్చాయి. కొన్ని చోట్ల ఇజ్రాయెల్ దేశం కోసం చేసే ప్రార్థన తప్పనిసరి, కొన్ని చోట్ల దాని పాఠం మార్చారు, కొన్ని చోట్ల ఆ మాట ఎత్తకపోవడమే నియమం. భిన్నాభిప్రాయం ఉన్నవాడు అక్కడ నోరు విప్పి మాట్లాడగలడా అన్నది కొత్తగా వచ్చేవారు రెండు మూడు వారాలు కూర్చుని గమనిస్తే తెలుస్తుంది.

ఆరు నెలలు తిరిగి అలసిపోయాక మా అక్క కూతురు పద్ధతి మార్చింది. వెళ్లి చూసి మురిసిపోవడం మాని, ఒక ఉత్తరం రాసి నాలుగు సమాజాలకు పంపింది. మా బిడ్డను యూదుగా గుర్తిస్తారా, పదమూడో ఏట తోరా చదివేటప్పుడు తల్లి ఎక్కడ నిలబడాలి, సభ్యత్వంలో నాకు ఓటు ఉంటుందా, నేను పోయాక మీ శ్మశానంలో నా భర్త పక్కన నాకు చోటు ఇస్తారా అని సూటిగా అడిగింది. చివరి ప్రశ్న అమంగళమని మా అక్క కోప్పడింది గాని, అది అడగవలసినదే. చాలా యూదు శ్మశానాల్లో యూదు కానివారికి స్థలం ఇవ్వరు, కొన్నింటిలో ఇటువంటి దంపతుల కోసం వేరే భాగం ఉంటుంది, ఈ సంగతి శవం ఇంట్లో ఉండగా తెలిస్తే భరించడం కష్టం. రెండు చోట్ల నుంచి తప్పకుండా రండి, అందరికీ స్వాగతం అని ఒక్క వాక్యం వచ్చింది. ఒక చోట నుంచి జవాబే లేదు. నాలుగో చోట రబ్బీ రెండు పేజీలు రాసింది. మీ బిడ్డను మేము యూదుగానే చూస్తాము, కానీ రేపు ఆ పిల్ల కన్జర్వేటివ్, ఆర్థడాక్స్ మందిరాలకు వెళ్తే వాళ్లు ఒప్పుకోరు, ఆ సంగతి మీరు ఇప్పుడే తెలుసుకుని ఉండాలి, కోరుకుంటే మిక్వే అనే పవిత్ర కొలనులో స్నానంతో మతస్వీకారం చేయించవచ్చు, తొందర లేదు అంది. తోరా ముందు ఆశీర్వచనం యూదులే చదవాలన్నది మా నియమం, కనుక మీరు చదవలేరు, మీ భర్త చదువుతున్నప్పుడు పక్కన నిలబడి మీ భాషలో బిడ్డను దీవించవచ్చు అంది. ఓటు ఉంటుంది, శ్మశానంలో చోటు కూడా ఉంటుందని రాసింది.

కుదరదన్న మాట కూడా సూటిగా చెప్పిన ఆ చోటునే వాళ్లు ఎంచుకున్నారు. పాపకు ఐదో నెలలో అక్కడ నామకరణం జరిగింది. యూదు సంప్రదాయంలో పిల్ల పేరు ఒంటరిగా ఉండదు, ఫలానావారి కూతురు అని తల్లిదండ్రుల పేర్లు కూడా కలిపి పిలుస్తారు. తండ్రి పేరు హీబ్రూలో సిద్ధంగానే ఉంది. తల్లికి హీబ్రూ పేరు లేదు, పెట్టుకోమని ఎవరూ అడగలేదు. రబ్బీ ఆమె తెలుగు పేరును మూడుసార్లు పలికించుకుని, కుడినుంచి ఎడమకు హీబ్రూ అక్షరాల్లో రాసింది. ఆ పేరులోని ళకారానికి ఆ లిపిలో అక్షరం లేదు కనుక లకారమైన 'లామెద్' రాసి, పలికేటప్పుడు నాలుక ఎంత వెనక్కి మడవాలో మా అక్కను అడిగి తెలుసుకుని, నలభై మంది ముందు బిగ్గరగా చదివింది.